ఆ రోజుకి ఏం తెలుసు?

ఒక ట్రేడ్ సామ్ ప్రెస్టీకి ఏళ్ల తరబడి చెడ్డపేరు తెచ్చింది. మరో ట్రేడ్ ఆయన్ని అమెరికా బాస్కెట్‌బాల్‌లో అందరికంటే తెలివైన మేనేజర్ అనిపించింది. రెండు తీర్పులూ ఫలితం తేలాక వచ్చినవే.

2012 అక్టోబరు 27, శనివారం రాత్రి. ఎన్‌బీఏ కొత్త సీజన్‌కి ఇంకా మూడు రోజులే ఉంది. జేమ్స్ హార్డెన్‌ని ఓక్లహోమా సిటీ థండర్ జట్టు హ్యూస్టన్ రాకెట్స్‌కి ఇచ్చేసిందన్న వార్త వచ్చింది. నాలుగు నెలల కిందటే ఆ జట్టు ఫైనల్స్ ఆడింది. దాని మూడు స్తంభాలు కెవిన్ డ్యురాంట్, రస్సెల్ వెస్ట్‌బ్రూక్, హార్డెన్. ముగ్గురిలో ఎవరికీ పాతికేళ్లు నిండలేదు. తర్వాతి కాలంలో ముగ్గురూ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే ఎంవీపీ అందుకున్నారు. డ్యురాంట్ 2014లో, వెస్ట్‌బ్రూక్ 2017లో, హార్డెన్ 2018లో.

ముగ్గురినీ డ్రాఫ్ట్‌లో ఏరి తెచ్చినవాడు జనరల్ మేనేజర్ సామ్ ప్రెస్టీ. ముగ్గురిలో ఒకరిని చేజేతులా పంపించేసినవాడూ ఆయనే. 2016లో డ్యురాంట్ గోల్డెన్ స్టేట్ జట్టుకి వెళ్లిపోయాక, 2019లో వెస్ట్‌బ్రూక్‌ని కూడా సాగనంపాక, ఆ చరిత్రంతా ఒక్క వాక్యానికి కుదించుకుపోయింది: ముగ్గురు ఎంవీపీలు ఒకే జట్టులో ఉన్నా ఒక్క కప్పూ గెలిపించలేకపోయాడు. 2025 జూన్‌లో థండర్ టైటిల్ గెలిచింది. అప్పుడు అదే మనిషిని మహాద్రష్ట అన్నారు. ఆ ఏడాదే మొదటిసారిగా ఆయనకు ఉత్తమ ఎగ్జిక్యూటివ్ అవార్డూ దక్కింది.

ప్రెస్టీ పని తీరు 2007 నుంచీ పెద్దగా మారలేదన్నది నా అభిప్రాయం. మారింది ఫలితం. అందుకే ఆయన చేసిన ట్రేడ్‌లని ఒక్కొక్కటిగా, అవి జరిగిన రోజుకి తీసుకెళ్లి చూడాలనిపించింది. అలా చూస్తే తప్పొప్పులు మాయమైపోవు. కాకపోతే జనం వేలు పెట్టి చూపించిన చోట ఉండవు.

వేలంపాట లేని లీగ్

ఐపీఎల్ వేలానికి అలవాటు పడ్డ మనకి ఈ పద్ధతి కొంచెం విడమరచి చెప్పుకోవాలి. ఎన్‌బీఏలోకి కుర్రాళ్లు ఏటా జూన్‌లో జరిగే డ్రాఫ్ట్ ద్వారా వస్తారు. కిందటి సీజన్‌లో అడుగున ఉన్న జట్లకి ముందుగా ఎంచుకునే అవకాశం ఎక్కువ. ఆ ఎంచుకునే హక్కుని పిక్ అంటారు. రాబోయే ఏళ్ల పిక్‌లని కూడా ఆటగాళ్లలాగే ఇచ్చిపుచ్చుకోవచ్చు. 2019లో ఒక మేనేజర్ తీసుకున్న పిక్, అప్పటికి బడిలో చదువుకుంటున్న పిల్లవాడి రూపంలో 2026లో చేతికి రావచ్చు. జీతాల మొత్తానికి ఒక గీత ఉంటుంది. దాని పైన ఇంకో గీత దాటితే యజమాని లగ్జరీ ట్యాక్స్ కట్టాలి.

ప్రెస్టీ శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టులో 2000లో ఇంటర్న్‌గా చేరాడు. ఏడేళ్లకి, ఇంచుమించు ముప్పై ఏళ్ల వయసులో, సియాటిల్ సూపర్‌సోనిక్స్‌కి జనరల్ మేనేజర్ అయ్యాడు. వచ్చీరాగానే సీనియర్ స్టార్ రే అలెన్‌ని బోస్టన్‌కి పంపాడు. పోర్ట్‌ల్యాండ్ మొదటి పిక్‌తో గ్రెగ్ ఓడెన్‌ని తీసుకోవడంతో రెండో పిక్‌కి డ్యురాంట్ దొరికాడు. మరుసటి ఏడాది జట్టు సియాటిల్ వదిలి, థండర్ అన్న కొత్త పేరుతో ఓక్లహోమా సిటీకి తరలిపోయింది.

ఆ తొలి రోజుల్లో జరిగిన ఒక చిన్న ట్రేడ్ గుర్తుంచుకోవాలి. 2007 వేసవిలో ఫీనిక్స్ సన్స్ జట్టు పన్ను భారం దింపుకోవాలనుకుంది. కర్ట్ థామస్ అనే సీనియర్‌ని, అతన్ని తీసుకున్నందుకు ప్రతిఫలంగా రెండు మొదటి రౌండ్ పిక్‌లని సియాటిల్‌కి దాదాపు ఉత్తపుణ్యానికి ఇచ్చింది. వాటిలో ఒకటి సర్జ్ ఇబాకా అయింది. ఎదుటివాడి పన్ను భయాన్ని తన జట్టుకి ఆస్తిగా మార్చుకోవడం ప్రెస్టీకి అప్పుడే తెలుసు.

యాభై లక్షల తేడా

అలాంటి మనిషే 2012లో అదే భయానికి లోబడ్డాడు.

లెక్క ఇదీ. డ్యురాంట్, వెస్ట్‌బ్రూక్‌లకి అప్పటికే గరిష్ఠ జీతాలున్నాయి. ఆ ఆగస్టులోనే ఇబాకాకీ పెద్ద కాంట్రాక్టు ఇచ్చారు. కెండ్రిక్ పెర్కిన్స్ ఏడాదికి సుమారు 80 లక్షల డాలర్లు తీసుకుంటున్నాడు. 2011 ఒప్పందం ప్రకారం 2013-14 సీజన్ నుంచి లగ్జరీ ట్యాక్స్ శ్లాబుల వారీగా విపరీతంగా పెరగబోతోంది. ఓక్లహోమా సిటీ లాస్ ఏంజెలెస్ కాదు, టీవీ ఆదాయం తక్కువ. హార్డెన్‌కి నాలుగేళ్లకి సుమారు 5.5 కోట్ల డాలర్లు ఇస్తామన్నారని, అతను గరిష్ఠం, అంటే ఇంచుమించు 6 కోట్లు కావాలన్నాడని అప్పటి వార్తలు. తేడా అటూ ఇటుగా 50 లక్షలు.

బేరం తెగలేదు. కెవిన్ మార్టిన్, జెరెమీ లాంబ్, రెండు మొదటి రౌండ్ పిక్‌లు, ఒక రెండో రౌండ్ పిక్ తీసుకుని హార్డెన్‌ని ఇచ్చేశారు. హ్యూస్టన్ అతనికి అయిదేళ్లకి 8 కోట్లు రాసిచ్చింది. అక్కడ మొదటి మ్యాచ్‌లో 37, రెండో మ్యాచ్‌లో 45 పాయింట్లు కొట్టాడు. రెండు మ్యాచ్‌లతోనే తీర్పు వచ్చేసినట్టయింది.

ఆ రోజుకి తెలిసిందేమిటో చూద్దాం. హార్డెన్ అప్పటికి బెంచీ మీద నుంచి వచ్చి ఆడేవాడు, ఆ పాత్రలో ఉత్తముడిగా అవార్డూ గెలిచాడు. అంతకుముందు ఫైనల్స్‌లో మయామీ మీద పేలవంగా ఆడాడు. జట్టంతా తన చుట్టూ తిరిగితే ఎంవీపీ స్థాయికి వెళ్తాడని కచ్చితంగా చెప్పగలవాళ్లు లేరు. ఇంకొకటి, 2014 అక్టోబరులో ఎన్‌బీఏ తొమ్మిదేళ్లకి 2,400 కోట్ల డాలర్ల టీవీ ఒప్పందం ప్రకటించింది. దానితో 2016లో జీతాల గీత ఒక్క ఏడాదిలో 7 కోట్ల నుంచి 9.4 కోట్లకి ఎగిరింది. 2012లో ఎవరి జాతకంలోనూ అది లేదు. ఆ గెంతు రాబోతోందని తెలిసి ఉంటే 50 లక్షల డాలర్ల దగ్గర బేరం ఆగేది కాదేమో. అదే గెంతు గోల్డెన్ స్టేట్‌కి డ్యురాంట్‌ని చేర్చుకునే చోటిచ్చింది.

కాబట్టి “హార్డెన్ ఎంవీపీ అవుతాడని గ్రహించలేదు” అన్న నిందకి బలం లేదు. కానీ ప్రెస్టీని వదిలేయడానికి నాకు మనసొప్పదు. ఆ రోజుకి కచ్చితంగా తెలిసిన సంగతులు రెండున్నాయి. హార్డెన్ పాత కాంట్రాక్టులో ఇంకా ఒక సీజన్ మిగిలి ఉంది. అక్టోబరు 31 గడువు ఒప్పందం పొడిగించడానికే తప్ప, ఆ రోజు దాటితే మనిషి చేజారిపోడు. మరుసటి వేసవిలో ఏ జట్టు ఎంత ఇస్తానన్నా అంతే ఇచ్చి అట్టిపెట్టుకునే హక్కు థండర్‌కి ఉంది. ఫైనల్స్ ఆడిన జట్టుని చెక్కుచెదరకుండా ఇంకో ఏడాది ఆడించి అప్పుడు నిర్ణయించుకోవచ్చు. రెండోది పెర్కిన్స్ జీతం. 2011 ఒప్పందం ప్రతి జట్టుకీ ఒక వెసులుబాటు ఇచ్చింది. పాత కాంట్రాక్టుల్లో ఒకదాన్ని రద్దు చేసి పన్ను లెక్కలోంచి తీసేయొచ్చు, డబ్బు మాత్రం యజమాని చెల్లించాలి. ఆ తలుపు తట్టలేదు. ఇవి తర్వాత పుట్టిన తెలివితేటలు కావు, ఆ వారంలోనే పాత్రికేయులు రాసిన మాటలు. నేను తప్పు పట్టేది వీటినే. హార్డెన్ తర్వాతి కాలంలో మామూలు ఆటగాడిగా మిగిలిపోయినా ఇవి తప్పులే.

గాయాల లెక్క ఎవరి ఖాతాలో?

ట్రేడ్ తర్వాత మొదటి సీజన్‌లో థండర్ 60 మ్యాచ్‌లు గెలిచి లీగ్ పశ్చిమ విభాగంలో మొదటి స్థానంలో నిలిచింది. ఈ సంగతి ఇప్పుడెవరూ తలచుకోరు. ప్లేఆఫ్స్ తొలి రౌండ్‌లో, అదీ హ్యూస్టన్ మీదే, ప్యాట్రిక్ బెవర్లీ వచ్చి తగలడంతో వెస్ట్‌బ్రూక్ మోకాలిలోని మృదులాస్థి చిరిగింది. తర్వాతి రౌండ్‌లో జట్టు ఇంటికెళ్లింది. 2014లో ఇబాకా పిక్క పట్టేసింది. 2015లో డ్యురాంట్ పాదం ఎముక విరిగి జట్టు ప్లేఆఫ్స్‌కే రాలేదు. 2016లో పశ్చిమ ఫైనల్స్‌లో గోల్డెన్ స్టేట్ మీద 3-1తో ముందుండి, ఆరో మ్యాచ్‌లో క్లే థాంప్సన్ 11 మూడు పాయింట్ల బుట్టలు వేస్తుంటే చూస్తూ ఓడిపోయింది. వీటిలో ఏ ఒక్కటి అటు తిరిగినా థండర్‌కి కప్పు వచ్చి ఉండేదేమో. అప్పుడు హార్డెన్ ట్రేడ్‌ని “కఠినమైనా తెలివైన నిర్ణయం” అని రాసేవాళ్లం. ఆ ట్రేడ్‌లో వచ్చిన పిక్‌తో తెచ్చిన స్టీవెన్ ఆడమ్స్ ఏడేళ్ల పాటు జట్టుకి వెన్నెముకగా ఆడాడని అందులో చేర్చేవాళ్లం కూడా.

ఫలితం తెలిశాక అది ముందే కనిపించిందనుకోవడం మనిషి స్వభావం. బారూక్ ఫిషాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1975లో దీన్ని ఒక ప్రయోగంతో చూపించాడు. అందుకు ఎంచుకున్న చారిత్రక ఘటనల్లో 1814 నాటి బ్రిటిష్-గూర్ఖా యుద్ధం ఒకటి, మన పొరుగు చరిత్రే. యుద్ధ నేపథ్యం అందరికీ ఒకే కాగితంలో ఇచ్చాడు. ముగింపు మాత్రం ఒక్కో బృందానికి ఒక్కోలా చెప్పాడు. కొందరికి బ్రిటిష్‌వాళ్లు గెలిచారని, కొందరికి గూర్ఖాలు గెలిచారని. ఏ ముగింపు విన్నవాళ్లు ఆ ముగింపే ఎక్కువ సంభావ్యమన్నారు. కాగితంలో రాసిన వివరాల్లోంచి దానికి అనుకూలమైనవే ముఖ్యంగా కనిపించాయి వాళ్లకి.

మన దగ్గరా ఇది జరిగింది, చూశాం. 2024 ఐపీఎల్‌లో కోల్‌కతా 24.75 కోట్లు పెట్టిన మిచెల్ స్టార్క్ మొదటి రెండు మ్యాచ్‌లలో 8 ఓవర్లకి 100 పరుగులిచ్చి ఒక్క వికెట్టూ తీయలేదు. డబ్బు తగలేశారన్నారు. చెన్నైలో జరిగిన ఫైనల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ పైవరసని కూల్చి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యేసరికి అదే ధరకి దూరదృష్టి అని పేరొచ్చింది. వేలం రోజున బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకి తెలిసింది మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒకటే.

ఆరుద్ర కార్తెలో పదును చూసి విత్తనం వేసిన రైతుని, ఆ తర్వాత నెల్లాళ్లు మబ్బు మొహం చాటేస్తే తెలివితక్కువవాడని ఊరు అనదు. అదునులో వేశాడా, విత్తనం మంచిదేనా అని అడుగుతుంది. క్రీడా మేనేజర్ల విషయంలో మనం అంత న్యాయంగా ఉండటం లేదు.

పాల్ జార్జ్ రాక, పోక

2017 వేసవిలో ప్రెస్టీ విక్టర్ ఒలడిపో, డొమాంటస్ సబోనిస్‌లని ఇండియానా పేసర్స్‌కి ఇచ్చి పాల్ జార్జ్‌ని తెచ్చాడు. ఇండియానాని దోచేశాడన్నారు అందరూ. ఏడాది తిరిగేసరికి ఒలడిపో అత్యంత మెరుగుపడిన ఆటగాడి అవార్డు గెలిచాడు, సబోనిస్ ఆల్‌స్టార్ దారిలో పడ్డాడు. ఈసారి ఇండియానాయే దోచిందన్నారు. 2019 ఏప్రిల్‌లో పోర్ట్‌ల్యాండ్ ఆటగాడు డేమియన్ లిల్లార్డ్ జార్జ్ తల మీదుగా, దాదాపు సగం కోర్టు దూరం నుంచి విసిరిన బంతి బుట్టలో పడి థండర్ మళ్లీ తొలి రౌండ్‌లోనే నిష్క్రమించింది. రెండేళ్లకి ఒక్క సిరీస్ గెలుపూ లేదు.

ఆ జూలైలో జార్జ్ తనని పంపించేయమన్నాడు. టొరంటోకి కప్పు గెలిపించి ఫైనల్స్ ఎంవీపీ అయిన కవాయ్ లెనర్డ్ అప్పుడు ఏ జట్టులో చేరాలా అని చూస్తున్నాడు. క్లిప్పర్స్ జట్టులో చేరతాను గానీ పక్కన జార్జ్ ఉండాలన్నాడు. అంటే క్లిప్పర్స్ కొనేది ఒకరిని కాదు, ఇద్దరిని. ప్రెస్టీ దీన్ని క్షణంలో పట్టేశాడు. జార్జ్ ఒక్కడి ధర చెప్పకుండా ఇద్దరి ధర చెప్పాడు. షాయ్ గిల్జస్-అలెగ్జాండర్, డనీలో గలినారీ, అయిదు మొదటి రౌండ్ పిక్‌లు, ఇంకో రెండేళ్లు పిక్ మార్చుకునే హక్కు.

ఇక్కడ ప్రెస్టీ ప్రతిభ ఎంత, అదృష్టమెంత? లెనర్డ్ జార్జ్‌నే కోరుకోవడం అదృష్టం. ఆ కోరికని ధరగా మార్చడం ప్రతిభ. షాయ్ విషయంలో కొంచెం ఆగాలి. అప్పటికి అతనికి ఇరవై ఒకటి నిండలేదు, తొలి సీజన్ సగటు 10.8 పాయింట్లు. 2018 డ్రాఫ్ట్‌లో పదకొండో పిక్, ముందున్న పది పేర్లూ వేరేవాళ్లవి. మంచి ఆటగాడవుతాడని చాలామంది అన్నారు. 2025లో ఒకే సీజన్‌లో అత్యధిక స్కోరర్, ఎంవీపీ, ఫైనల్స్ ఎంవీపీ మూడూ అవుతాడని రాసినవాళ్లని నేను చూడలేదు. క్లిప్పర్స్ ఇచ్చిన 2022 పిక్ పన్నెండో స్థానంలో పడి జేలెన్ విలియమ్స్ అయింది. 2021 పిక్ ట్రే మాన్ అయింది, అతను నిలదొక్కుకోకుండానే వెళ్లిపోయాడు. ఎక్కువ గింజలు చేతిలో ఉంచుకోవడమే ప్రెస్టీ పద్ధతి, ఏది మొలకెత్తుతుందో ఆయనకీ తెలియదు.

క్లిప్పర్స్‌కీ న్యాయం చేయాలి. ఎప్పుడూ పశ్చిమ ఫైనల్స్ మొహం చూడని జట్టు 2021లో చూసింది, అదీ ప్లేఆఫ్స్ మధ్యలో లెనర్డ్ మోకాలి లిగమెంట్ చిరిగాక. లీగ్‌లో అప్పటికి అత్యుత్తముడనదగ్గ ఆటగాడు వాకిట్లో నిలబడి షరతు పెడితే కాదనే మేనేజర్ ఎవరు? ఆ రోజున నేనైనా సంతకం పెట్టేవాణ్ణి. ధర ఎక్కువే, అర్థం లేనిది కాదు.

జార్జ్ ట్రేడ్ జరిగిన ఏడాది తర్వాత రెండు సీజన్లు ఓక్లహోమాలో దారుణంగా గడిచాయి. 2020-21లో 22 గెలుపులు, మరుసటి ఏడాది 24. 2021 డిసెంబరు 2న మెంఫిస్ చేతిలో 152-79తో, ఎన్‌బీఏ చరిత్రలోనే అతి పెద్ద తేడాతో ఓడారు. ఆ రాత్రి ప్రెస్టీ గురించి ఓటింగ్ పెడితే ఏమొచ్చేదో ఊహించడం కష్టం కాదు. పొరపాట్లూ ఆగలేదు. 2024 ఫిబ్రవరిలో గోర్డన్ హేవర్డ్‌ని తెచ్చిన ట్రేడ్ బెడిసికొట్టింది. గురి తప్పిందని సీజన్ చివర ప్రెస్టీ విలేకరుల ముందు తనే ఒప్పుకున్నాడు. నాలుగు నెలలకి జాష్ గిడీని ఇచ్చి అలెక్స్ కరూసోని తెచ్చుకున్నాడు. జట్టుకి లోటేమిటో హేవర్డ్ ప్రయోగమే చూపించి ఉండాలి.

డాలస్‌లో ఆ అర్ధరాత్రి

ఆ రోజుకి ఏం తెలుసో చూడాలన్నంత మాత్రాన మేనేజర్లందరినీ క్షమించేయాలా? డాలస్ కథ అందుకు ఒప్పుకోదు.

2025 ఫిబ్రవరి 1 అర్ధరాత్రి డాలస్ మావెరిక్స్ జనరల్ మేనేజర్ నికో హారిసన్ లూకా డాన్చిచ్‌ని లేకర్స్ జట్టుకి ఇచ్చేశాడు. డాన్చిచ్‌కి పాతికేళ్లు. ఎనిమిది నెలల కిందటే జట్టుని ఫైనల్స్‌కి తీసుకెళ్లాడు. బదులుగా వచ్చింది 31 ఏళ్ల ఆంథనీ డేవిస్, మ్యాక్స్ క్రిస్టీ, 2029 నాటి ఒకే ఒక్క మొదటి రౌండ్ పిక్. డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనోలలో మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ ఊళ్లలో పెరుగుతున్న పిల్లలకి మావెరిక్స్ సొంత జట్టు. వాళ్లకి తెల్లారేసరికి తమ హీరో లేడు.

డేవిస్ తొలి మ్యాచ్‌లోనే గాయపడ్డాడు. మార్చిలో జట్టులోని మరో స్టార్ కైరీ అర్వింగ్ మోకాలి లిగమెంట్ తెగింది. వీటిని హారిసన్ నేరాల పట్టీలో చేర్చడం అన్యాయం. మే నెలలో డ్రాఫ్ట్ క్రమం తేల్చే లాటరీలో, 1.8 శాతం అవకాశమే ఉన్న ఆ జట్టుకి మొదటి పిక్ తగిలి కూపర్ ఫ్లాగ్ అనే కుర్రాడు వచ్చాడు. దాన్ని హారిసన్ ఘనతగా రాయడమూ అంతే అన్యాయం. వాన రాకడ, ప్రాణం పోకడ లాంటివి అవి.

ఆయన తప్పు ఆ రాత్రే, ఒక్క మ్యాచ్ జరగకముందే ఉంది. బేరం రహస్యంగా లేకర్స్ ఒక్కరితోనే నడిపాడు. అలాంటి ఆటగాడు అమ్మకానికి ఉన్నాడని తెలిస్తే ఎన్ని జట్లు ఎన్ని పిక్‌లు కుమ్మరించేవో! జార్జ్‌కి ప్రెస్టీ రాబట్టినదాన్ని దీని పక్కన పెట్టి పోల్చి చూడండి. అమ్మాలన్న నిర్ణయం సరైనదే అనుకున్నా, ఇంకో జట్టుని అడగకుండా అమ్మడాన్ని సమర్థించే వాదన నాకు దొరకలేదు. 2025 నవంబరులో హారిసన్‌ని తీసేశారు. ఓటములు చూసి తీసేసినట్టు కనిపించింది గానీ, కారణం తొమ్మిది నెలల ముందే ఉంది.

రెండు కొమ్మలూ ఒకే చెట్టువి

2025 ఫైనల్స్‌లో థండర్‌తో తలపడింది ఇండియానా. దాని సారథి టైరీస్ హాలిబర్టన్ 2022 ఫిబ్రవరిలో శాక్రమెంటో నుంచి వచ్చాడు, బదులుగా వెళ్లినవాడు సబోనిస్. ఆ సబోనిస్ 2017లో పాల్ జార్జ్‌కి బదులుగా ఓక్లహోమా నుంచి వచ్చినవాడే. ఒకే ట్రేడ్‌లోంచి పెరిగిన రెండు జట్లు ఎనిమిదేళ్లకి కప్పు కోసం ఎదురెదురుగా నిలబడ్డాయి. మధ్యలో శాక్రమెంటో కూడా సబోనిస్‌తో 16 సీజన్ల కరువు తీర్చుకుని 2023 ప్లేఆఫ్స్ ఆడింది. ఒకరు గెలిస్తే ఇంకొకరు మోసపోయినట్టే అన్న లెక్క ఇక్కడ ఎక్కడా కుదరదు.

సిరీస్ ఏడో మ్యాచ్‌కి వెళ్లింది. మొదటి క్వార్టర్‌లోనే తొమ్మిది పాయింట్లు చేసిన హాలిబర్టన్‌కి మడమ పైన అకిలిస్ స్నాయువు తెగింది. అతను లేకుండానే విరామానికి ఇండియానా 48-47తో ముందుంది. చివరికి 103-91తో థండర్ గెలిచింది. ఆ స్నాయువు తెగకపోతే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. అటు తిరిగి ఉంటే ఆ వారం పత్రికల్లో కెవిన్ ప్రిచర్డ్ గురించి కథనాలు వచ్చేవి, 2017లో ఆ ట్రేడ్ చేసి నవ్వులపాలైన ఇండియానా బాస్కెట్‌బాల్ వ్యవహారాల అధినేత గురించి.

ఆ 2017 బేరంలో ఎక్కువ మార్కులు నేను ప్రిచర్డ్‌కే వేస్తాను. ఏడాదిలో వెళ్లిపోతానని, లేకర్స్ అంటే ఇష్టమని జార్జ్ వైపు నుంచి బాహాటంగా తెలిసిపోయింది. కొనేవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. చేతిలో బలం లేకుండా బేరానికి కూర్చున్నాడు. పేరున్న పిక్‌ల కోసం పోకుండా, పాతికేళ్ల గార్డ్‌ని, ఇరవై ఒక్కేళ్ల పొడగరిని తీసుకున్నాడు. ఇద్దరికీ ఏళ్ల తరబడి కాంట్రాక్టులున్నాయి, ఇద్దరూ ఇంకా ఎదగాల్సినవాళ్లు. ప్రెస్టీ మాత్రం ఏడాదికి మించి ఉంటాడో లేడో తెలియని మనిషి మీద పందెం కాశాడు. జార్జ్ 2018లో ఉండిపోవడం, 2019లో లెనర్డ్ పిలవడం ఆ పందెంలో రాసి ఉన్న సంగతులు కావు.